పడవల ఇంటిపేరు, ఇందుపల్లి వారి ఆడపడుచు: 1890ల నాటి పెళ్ళి, వృత్తి ఎలా తేల్చాలి?

నగరందీవి అడిగిన ప్రశ్న

నమస్కారమండి. మా ఇంటిపేరు పడవల. ఊరు సఖినేటిపల్లి దగ్గర. వంశవృక్షం రాస్తుంటే ముత్తాతగారి తండ్రి దగ్గరకొచ్చి బండి ఆగిపోయింది. ఆయన సుమారు 1870లో పుట్టి ఉంటారని లెక్క. చేతిలో ఉన్నవి రెండే కాగితాలు. ఒకటి ఆయన పెళ్ళి లగ్నపత్రిక. "ఖర నామ సంవత్సర మాఘ" అన్నంతవరకూ అక్షరాలు కనబడుతున్నాయి, ఆడపిల్ల తండ్రి పేరు ఉండాల్సిన చోటు చెదలు తినేసింది. రెండోది ఆయన కొడుకులు 1921లో ఆస్తి పంచుకున్న పారీఖత్తు (పంపకం పత్రం) నకలు. పెద్దగొలుసుకట్టు రాతలో ఉంది, ఇంకా పూర్తిగా చదవలేదు.

ఆవిడ "ఇందుపల్లి వారి ఆడపడుచు" అని ఇంట్లో మాట. కాటన్ దొర కాలవలు తవ్వించాక వాటి మీద పడవలు నడిపారు కాబట్టి మేము పడవల వారమయ్యామని కూడా అంటారు. ఇందుపల్లి అమలాపురం పక్కనే కదా, 1891లో అక్కడ జరిగిన పెళ్ళికి రికార్డు ఏ ఆఫీసులో అడగాలి? ఆయన వృత్తి పడవలేనని చూపించే కాగితం ఏదైనా ఉంటుందా?

ఔపవిభక్తికం జవాబు

ఆఫీసుకు వెళ్ళేముందు ఇంటిపేర్ల దగ్గరే కాసేపు ఆగండి. తప్పు దారి అక్కడే పడుతోంది.

ఊరిపేరు ఇంటిపేరు అయిందంటే ఆ ఊళ్ళో ఉన్నారని కాదు, ఆ ఊరు వదిలేశారని. ఇందుపల్లిలో ఉన్నన్నాళ్ళూ ఊరంతా ఇందుపల్లి వాళ్ళే, ఒక్క కుటుంబాన్ని ఆ పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికీ రాదు. వేరే ఊరు వచ్చి దిగాక అక్కడివాళ్ళు "ఇందుపల్లి వారు" అంటారు. ఆ దిగడం ఆవిడ పెళ్ళికి పది తరాల ముందు జరిగి ఉండొచ్చు. కాబట్టి ఇందుపల్లి వారి ఆడపడుచు ఇందుపల్లి నుంచి కాపురానికి వచ్చిందనుకోవడానికి ఆధారం లేదు. ఒకరకంగా ఆ ఊరిపేరే "ఇక్కడ మాత్రం వెతక్కు" అని చెబుతోంది. పైగా ఇందుపల్లి ఒక్కటే కాదు. అమలాపురం దగ్గరొకటి, కృష్ణా జిల్లా ఉంగుటూరు మండలంలో మరొకటి. ముదునూరు కూడా ఇంతే: పెంటపాడు దగ్గరొకటి, ఉయ్యూరు దగ్గరొకటి. రామచంద్రపురాలు, కొత్తపేటలయితే లెక్కే లేదు.

ఇతరులకు కూడా పనికొస్తుందని ఒక మాట. ఇంటిపేరు నుంచి ఊరిపేరుకు వెనక్కి నడవాలంటే విభక్తి తెలియాలి. ఇంటిపేరు అంటే "ఫలానా ఊరి" అనే షష్ఠి రూపం. ఊరు చివరుంటే ఊరి అవుతుంది: ముదునూరు, ముదునూరి. పాడు అయితే పాటి: చింతలపాడు, చింతలపాటి. వీడు అయితే వీటి, వరం అయితే వరపు, పురం అయితే పురపు. "చింతలపాటి అనే ఊరు మ్యాపులో లేదండీ" అని తలపట్టుకునేవాళ్ళు వెతకాల్సింది చింతలపాడు కోసం. పల్లి, పూడి, లంక మారవు, వాటితో ఈ చిక్కు లేదు.

ఇక పడవల. బహువచన షష్ఠి, "పడవలకు చెందిన". పడవ నడిపినవాళ్ళు కావచ్చు, పడవలు చేయించి బాడుగకిచ్చినవాళ్ళు కావచ్చు, పడవలు కట్టే రేవు దగ్గర ఇల్లున్నవాళ్ళు కావచ్చు. మాటను చూసి ఈ మూడింట్లో ఏదో తేల్చలేం. కానీ కాలవ కథను పరీక్షించడానికి కాగితం అక్కర్లేని మార్గం ఒకటి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవల మీద పడవలు తిరగడం ఆ తరువాతి మాట. మీకు మైల పట్టే దాయాదులు ఎక్కడెక్కడ ఉన్నారో రాసుకోండి. పది రోజులు పట్టేవాళ్ళు దగ్గరి జ్ఞాతులు, మూడు రోజులవాళ్ళు దూరపువాళ్ళు. అసలు మైలే పట్టకపోయినా "మనవాళ్ళే" అని పిల్లనిచ్చిపుచ్చుకోనివాళ్ళు ఇంకా ముందు విడిపోయినవాళ్ళు. ఈ దూరపు శాఖలు కాలవలు రాకముందే విడిపోయి, అయినా పడవల వారే అయితే ఇంటిపేరు ఆనకట్టకన్నా పాతది. కాటన్ కథ అందంగా ఉంది కాబట్టి ఇంట్లో నిలిచిపోయిందన్నమాట.

ఒక హెచ్చరిక: ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉండటం డెల్టాలో మామూలే, ఒకే ఊరినుంచి అందరూ కదిలారు కాబట్టి. ఇంటిపేరు, కులం, గోత్రం మూడూ కలిస్తేనే "ఒకే వంశమా?" అని అడగడానికైనా వీలు. ఇంటర్నెట్‌లో దొరికే గోత్రాల పట్టికల్లోంచి మీ గోత్రం ఎత్తుకోకండి. ఇంట్లో చెప్పిన గోత్రంతో పట్టిక సరిపోలుతోందా అని చూసుకోవడానికి మాత్రమే అవి.

తిథివారం జవాబు

ముందు సంవత్సరం సరిచేసుకోండి, పెళ్ళి 1891లో జరగలేదు. ఖర 1891 ఉగాదికి మొదలైంది. మాఘం తెలుగు సంవత్సరంలో పదకొండో నెల, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. ఖర మాఘం అంటే 1892 జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా. మాఘం, ఫాల్గుణం పెళ్ళిళ్ళన్నిటికీ ఈ తప్పు జరుగుతుంది. ఎక్కువ ముహూర్తాలు ఆ నెలల్లోనే కాబట్టి వంశవృక్షాల్లో సగం పెళ్ళిళ్ళు ఏడాది ముందుకు జరిగిపోయి ఉంటాయి. పుష్యం చూసుకుని రాయండి: డిసెంబరు, జనవరి రెండిట్లోనూ పడుతుంది.

అరవయ్యేళ్ళ చక్రం కాబట్టి తరువాతి ఖర 1951. 1870లో పుట్టిన మనిషికి అది పొసగదు, అందుకే మీకు ఇబ్బంది లేదు. పుట్టిన ఏడు తెలియనివాళ్ళు మాత్రం తిథి, వారం, నక్షత్రం మూడూ పాత పంచాంగంతో సరిచూడాలి. తిథి ఒక్కటే చూస్తే రెండు చక్రాల్లోనూ దొరుకుతుంది. వారం కూడా కలవడం అరుదు.

లగ్నపత్రిక ఒక్క ఇంట్లోనే ఉండదు. రెండు వైపులా ఒక్కో ప్రతి పెట్టుకోవడం ఆచారం. మీ ప్రతికి చెదపట్టినా ఆవిడ అన్నదమ్ముల వారసుల ఇంట్లో రెండోది ఉండొచ్చు. అందులో రెండు వైపులా గోత్రాలు, తండ్రుల పేర్లు, ఊళ్ళు ఉంటాయి.

పురోహితుడి పుస్తకం సంగతి. మీ ఇంట్లో తద్దినాలు పెట్టే ఆచారముంటే తర్పణానికి మూడు తరాల పేర్లు రాసిపెట్టుకుని ఉంటారు: తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ భార్యలు. దానిలో ఆవిడ పేరు దొరుకుతుంది. కానీ పేరు పక్కనున్న గోత్రం చూసి "ఆవిడ పుట్టింటి గోత్రం దొరికింది" అనుకుంటే మోసపోతారు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళకు భర్త గోత్రంతోనే తర్పణం వదులుతారు. పుట్టింటి గోత్రం కావాలంటే ఆవిడ కొడుకుల వైపు మాతామహ వర్గం చూడాలి. మహాలయ పక్షంలో తల్లి తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వాళ్ళ గోత్రంతో సహా చెబుతారు. ముత్తాతగారు రాసుకున్న చీటీ దొరికిందా, ఇందుపల్లి వారు మూడు తరాలు ఒక్కసారే చేతికొస్తారు.

మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా ఒక పక్కమాట. 1930 ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం అమలయ్యాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళకు జనం ఫ్రెంచివాళ్ళ యానాం వెళ్ళేవారు, అందుకే దానికి కల్యాణపురం అని పేరు పడింది. మీ తాతగారి తరంలో "యానాంలో పెళ్ళి" అని వినబడితే, వాళ్ళు యానాం వాళ్ళు అయ్యారని అర్థం చేసుకోకండి. ముహూర్తానికి వెళ్ళి మర్నాడు వచ్చేసినవాళ్ళు అక్కడి ఫ్రెంచి సివిల్ రిజిస్టర్లో కనబడతారని కూడా లెక్కపెట్టుకోకండి.

పాతదస్తావేజు జవాబు

1892 నాటి హిందూ వివాహానికి ప్రభుత్వ రిజిస్టరు లేదండి. ఏ ఆఫీసులో అడిగినా దొరకదు. హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో, అందులోనూ నమోదు ఐచ్ఛికం. మన రాష్ట్రంలో పెళ్ళి నమోదు తప్పనిసరి చేసిన చట్టం 2002ది. జనన మరణాలకు 1899 నాటి మద్రాసు చట్టం ఉండేది, అందులో పెళ్ళిళ్ళు లేవు. క్రైస్తవంలోకి వెళ్ళిన శాఖ ఏదైనా ఉంటే వాళ్ళ దారి వేరు. అక్కడ కూడా ఏ మిషనో తెలుసుకుని వెళ్ళండి. లూథరన్ల దగ్గర పసిపిల్లల బాప్తిస్మం రిజిస్టరు ఉంటుంది, తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. నరసాపురం, పాలకొల్లు వైపు 1836 నుంచి పనిచేసిన గోదావరి డెల్టా మిషన్ వాళ్ళు బ్రదరన్, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పుట్టిన తేదీ కోసం ఆ పుస్తకాలు తిరగేసి లాభం లేదు.

హిందువుల పెళ్ళికి సాక్ష్యం భూమి. మన డెల్టాలో ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద అరెకరమో ఎకరమో ఇవ్వడం ఆనవాయితీ. అప్పుడు కాగితం రాయరు, నోటిమాటగా ఇచ్చేస్తారు. కాబట్టి 1892 దస్తావేజుల్లో దఖలు పత్రం కోసం వెతికితే నూటికి తొంభై పాళ్ళు ఖాళీ చేతులే. ఆ భూమి కాగితం ఎక్కేది తరువాత ఎప్పుడో: ఆవిడ అమ్మినప్పుడు, తనఖా పెట్టినప్పుడు, కొడుకులు పంచుకున్నప్పుడు. అప్పుడు "నా వివాహ కాలమందు నా తండ్రిగారు పసుపుకుంకుమల నిమిత్తం ఇచ్చి అది మొదలు నా స్వాధీనానుభవములో యున్న" అనే ధోరణిలో ఒక వాక్యం వస్తుంది. మీకు కావాల్సింది ఆ ఒక్క వాక్యం. పెళ్ళయి పాతికేళ్ళు, నలభయ్యేళ్ళు గడిచాకైనా రావచ్చు. కనుక 1892 దగ్గర ఆగకుండా 1935 దాకా చూడండి.

హద్దులు అంతకన్నా విలువైనవి. పసుపుకుంకుమ భూమి తండ్రి కమతంలోంచి విడదీసి ఇచ్చింది కాబట్టి నాలుగు హద్దుల్లో ఒకటి రెండు వైపులైనా ఆవిడ అన్నదమ్ములే ఉంటారు. ఆ హద్దుదారుల ఇంటిపేరే ఆవిడ పుట్టింటి పేరు. దస్తావేజులో ఆవిడను భర్త ఇంటిపేరుతోనే రాస్తారు, తండ్రి పేరు చాలాచోట్ల ఉండదు, ఆ ఖాళీని హద్దులు పూరిస్తాయి.

మీ 1921 పారీఖత్తు ముందు పూర్తిగా చదివించండి. పంపకంలో "కలపని ఆస్తి" అని చివర్న ఒక పేరా ఉంటుంది. చాలామంది షెడ్యూళ్ళు చూసి ఆపేస్తారు. తల్లి పసుపుకుంకుమలు ఆ పేరాలోనే ఉంటాయి. "య. 1-25 సెం." అని ఉంటే ఎకరం పాతిక సెంట్లు, య అంటే యకరం.

నగరందీవి

ఆయ్, మీరు చెప్పిన పేరా ఉందండి! ఒక రిటైర్డు కరణంగారు చదివిపెట్టారు. "తల్లిగారి పసుపుకుంకుమల తాలూకు మోరి గ్రామములో య. 1-25 సెం. ఆమె జీవితానంతరం సమానముగా పంచుకొనగలవారము" అని ఉంది. హద్దులు: తూర్పు, ఉత్తరం ఇందుపల్లి వారి భూమి, దక్షిణం పంట బోదె, పడమర పుంత. అంటే ఆవిడ మోరి నుంచి వచ్చారనే కదా? మోరి మాకు పక్కనే! అమలాపురం అంతా తిరిగొచ్చాను.

ఇంకో సంగతి, అన్నదమ్ములందరికీ పేర్ల పక్కన "వ్యవసాయం" అని రాశారు. అయితే పడవల కథ పోయినట్టేనా?

లాకుగుమాస్తా జవాబు

వ్యవసాయం అని ఉన్నంత మాత్రాన పోదు. రిజిస్ట్రేషను చట్టం ప్రకారం దస్తావేజులో మనిషి నివాసం, తండ్రి పేరుతోపాటు వృత్తి కూడా రాయాలి. అందుకే ప్రతి దస్తావేజులోనూ వృత్తి కనబడుతుంది. కానీ పొలం పంచుకుంటున్న నలుగురు అన్నదమ్ములు రాయించేటప్పుడు లేఖరి "వ్యవసాయం" తప్ప ఇంకేం రాస్తాడు? ఎకరం సొంతముంటే చాలు వ్యవసాయమే. పైగా అది కొడుకుల వృత్తి, తండ్రిది కాదు. ఆయన తన చేత్తో రాసిచ్చిన దస్తావేజు ఒక్కటి దొరికితే అందులో మాట వేరే ఉండొచ్చు. నా అనుభవంలో భూమి కాగితాల కన్నా అప్పు కాగితాల్లో వృత్తి నిజంగా ఉంటుంది, ఎందుకంటే అప్పిచ్చేవాడికి తీర్చే దారి తెలియాలి.

ఔపవిభక్తికం గారితో ఒకచోట విభేదిస్తాను. దూరపు దాయాదులు కూడా పడవల వారే అయితే ఇంటిపేరు పాతదని తేలుతుంది, నిజమే. కానీ వాళ్ళ ఇంటిపేరు వేరయితే కాలవ కథ రుజువైనట్టు కాదు. ఒకే ఇంటిపేరువాళ్ళు ఊళ్ళో ఎక్కువైతే ఒక శాఖకు కొత్త గుర్తు పడుతుంది, అసలు ఇంటిపేరు రెండు తరాల్లో వెనక్కిపోతుంది. ఆ గుర్తు ఎప్పుడు పడిందన్నది విడిగా తేలాలి.

వృత్తి కోసం ఏ కాగితం చూడాలన్నది, ఏ పడవ అన్నదాని మీద ఉంటుంది. మూడు రకాల బతుకులు ఒకే మాట కింద ఉన్నాయి. కాలవ మీద సరుకు పడవ ఒకటి: వడ్లు, కొబ్బరి వేసుకుని లాకులు దాటుకుంటూ పోయేది, గాలి లేనప్పుడు గట్టు మీంచి తాడుతో లాగేవాళ్ళు. మీ ఊరున్న నగరం దీవికి కాలవ నీళ్ళొచ్చింది గన్నవరం అక్విడక్టు మీదుగా, అంటే మీ ఊరివైపు ఈ బతుకు 1850ల తరువాతిదే. రెండోది రేవు: నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ దాటించే పని. అది కాలవలకన్నా ఎంతో పాతది. అక్కడ ఏటేటా వేలంపాట పాడుకునే పాటదారు వేరు, గెడ వేసే మనిషి వేరు, ఇద్దరూ ఇంటికొచ్చి పడవల పని అనే చెబుతారు. మూడోది సముద్రపు ఓడల మీద కళాసీ, సరంగు. ఇవి కలిపేస్తే తప్పు కాగితం కోసం తప్పు ఆఫీసులో నిలబడతారు.

కాలవ పడవలకు, రేవు పాటలకు 1890 నాటి మద్రాసు కాలవలు, రేవుల చట్టం వర్తించింది, పడవకు లైసెన్సు, నంబరు ఉండేవి. కాలవ పడవల కాగితాలు నీటిపారుదల వైపు. మునసబు, కరణాల లెక్కల్లో వాటికోసం చూడకండి. లాకు లస్కరు (లాకు తలుపులు తీసి మూసే మనిషి) ఉద్యోగమైతే అదీ నీటిపారుదలదే, జీతం పట్టీల్లో ఉంటుంది. మీ మనిషి పడవ యజమాని అయితే ఇంకో జాడ ఉంది. పడవ చరాస్తి. పడవ అమ్మకమో తాకట్టో రిజిస్టరు చేయించి ఉంటే అది 4వ పుస్తకంలోకి వెళుతుంది. భూములది 1వ పుస్తకం, దాన్నీ దాని సూచికలనూ ఎవరైనా రుసుము కట్టి చూడొచ్చు. 4వ పుస్తకం నకలు మాత్రం రాసిచ్చినవాళ్ళకు, రాయించుకున్నవాళ్ళకు, వాళ్ళ ప్రతినిధులకే ఇస్తారు. మీరు వారసులని చూపే కాగితం ముందే తయారుచేసుకుని వెళ్ళండి, లేకపోతే కౌంటరు దగ్గరే తిప్పి పంపుతారు. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినాయన పోయాక వాటి నకలు ఎవరికైనా ఇస్తారు. దత్తత జరిగితే ఇంటిపేరు, గోత్రం రెండూ మారతాయి కాబట్టి అది కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఆయనకన్నా ముందుతరం కావాలంటే రెండున్నాయి. చేతివృత్తుల మీద, దుకాణాల మీద మోతర్ఫా అనే పన్ను ఉండేది, 1861లో రద్దయింది. మోతర్ఫా లెక్కల్లో ఎవరెవరు ఏ పని మీద పన్ను కట్టారో ఉంటుంది. రెండోది ఇనాముల మీద (పన్ను లేకుండానో తగ్గించో ఇచ్చిన భూములు) విచారణ చేసిన ఇనాం కమిషన్ రిజిస్టరు. 1858 చివర్లో మొదలైన ఆ విచారణలో ప్రతి ఇనాముకూ మొదట ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతారు అని రాశారు. పూజకో, కరణీకానికో, కావలికో ఇచ్చిన ఇనామైతే వృత్తి అక్కడే తేలిపోతుంది. ఇనాము లేని రైతు అందులో ఉండడు, అది గుర్తుపెట్టుకోండి. అందులో ఏళ్ళు ఫసలీల్లో (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరాలు) ఉంటాయి. ఫసలీకి 590 కలపండి: ఫసలీ 1212 అంటే 1802-03.

పాతదస్తావేజు

మోరి దొరికింది కాబట్టి పని సులువైంది, కానీ ఒక మెట్టు మిగిలి ఉంది. రెండు హద్దుల్లో ఇందుపల్లి వారున్నారు కాబట్టి పుట్టిల్లు మోరిలోనిదే అనుకోవడం సబబే. అయితే ఇందుపల్లి వారికి మోరిలో పొలం ఉండి, కాపురం వేరే ఊళ్ళో ఉండొచ్చు. డెల్టాలో పొలం ఒకచోట, ఇల్లు ఒకచోట అన్నది వింత కాదు. కాపురం ఎక్కడో వాళ్ళు రాసిచ్చిన దస్తావేజులోనే తెలుస్తుంది, "కాపురస్థులు" అన్న మాట ముందు ఏ ఊరుందో చూడండి.

సూచికలు ఇలా చూడాలి. ఒకటో సూచిక మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి ఉన్న ఊళ్ళతో ఉంటుంది. మీరు రెండోదాంతో మొదలుపెట్టండి: మోరి గ్రామం, 1885 నుంచి 1935 దాకా. మనిషి పేరు తెలియకపోయినా ఊరు చాలు. ఇందుపల్లి వారి దస్తావేజు నంబర్లన్నీ రాసుకుని, ఆ తరువాతే ఒకటో సూచికకు వెళ్ళండి. అందులో మనిషి పేరుతోపాటు నివాసం, వృత్తి కూడా ఉంటాయి, నకలు తీయకముందే సగం మందిని ఏరేయొచ్చు. ఇంగ్లీషులో రాసిన సూచికైతే పడవలలో వ ను వీ తోనూ, డబ్ల్యూ తోనూ, చివరి ల ను ఒక ఎల్ తోనూ రెండు ఎల్‌లతోనూ రాస్తారు. ఇంటిపేరు మొదటి అక్షరం కిందా, మనిషి పేరు మొదటి అక్షరం కిందా రెండుచోట్లా వెతకండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచి వెనక్కి పోదు, దీనికి ఆఫీసుకు వెళ్ళక తప్పదు.

ఏ ఆఫీసు అన్నది మీ ఊరికి ప్రత్యేకంగా చిక్కు. నగరం దీవి అప్పట్లో నరసాపురం తాలూకాలో ఉండేది. 1904లో గోదావరికి పడమటి తాలూకాలు కృష్ణా జిల్లాలోకి వెళ్ళినప్పుడు నరసాపురం కూడా వెళ్ళింది, నగరం దీవి మాత్రం గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. పశ్చిమ గోదావరి ఏర్పడింది 1925లో. ఇప్పుడు 2022 నుంచి మీది కోనసీమ జిల్లా. కాబట్టి పాత సంపుటాలకు రాజోలు, నరసాపురం రెండుచోట్లా అడగండి. ఒకచోట "మా దగ్గర లేవు" అంటే రికార్డు లేదని కాదు, జిల్లా రిజిస్ట్రారు దగ్గరికి పంపేశారేమో అడగండి. ఇనాం రిజిస్టరుకు పాత జిల్లా కేంద్రం కాకినాడ కలెక్టరేటు రికార్డు గదిలో మొదలుపెట్టండి, కొత్త జిల్లా కేంద్రం అమలాపురంలో కాదు.

సర్వే నంబరుతో వెతికేటప్పుడు 1921 నంబరు ఇప్పటి అడంగల్‌లో నేరుగా పెట్టకండి. రీసర్వే తరువాత నంబర్లు మారాయి, "రీ.స.నెం." అని ఉంటే కొత్తది. గ్రామ ఆర్.ఎస్.ఆర్. (రీసర్వే సెటిల్మెంట్ రిజిస్టరు)లో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే ఉంటాయి, దాని ద్వారా రండి.

పేర్లతో జాగ్రత్త. మనవడికి తాత పేరు పెట్టడం వల్ల ఒకే పేరు నలభై, యాభై ఏళ్ళకొకసారి తిరిగొస్తుంది. తండ్రి పేరు కూడా తరం విడిచి తరం అదే అవుతుంది కాబట్టి "ఫలానా కుమారుడు ఫలానా" అన్నది కూడా ఇద్దరికీ సరిపోవచ్చు. మేనరికాలున్న ఇంట్లో ఇంకా కష్టం: పడవల, ఇందుపల్లి జంట మూడు తరాల్లో మూడుసార్లు రావచ్చు, 1892 పెళ్ళి అనుకుని 1915 పెళ్ళిని పట్టుకుంటారు. దస్తావేజు వెనక రిజిస్ట్రారు ఎండార్స్‌మెంటు చూడండి. ఒకరు చేవ్రాలు చేసి, అదే పేరుగలాయన వేరే ఏట వేలిముద్ర వేసి ఉంటే ఇద్దరూ ఒకరు కాకపోవచ్చు.

ఔపవిభక్తికం

లాకుగుమాస్తా గారి సవరణ ఒప్పుకుంటున్నాను. శాఖకు కొత్త గుర్తు పడే సంగతి నేను వదిలేశాను.

నగరందీవి గారూ, ఆ 1.25 ఎకరాల విషయంలో ఒక ప్రశ్న ముందే అడిగి ఉంచుకోండి: మీ ముత్తాతగారి తండ్రి ఇల్లరికం వెళ్ళలేదని తెలుసా? ఇల్లరికపు అల్లుడికి ఇంటిపేరు మారదు, దత్తతకు మారుతుంది. మామగారి పొలం వచ్చినా పేరు పడవలగానే ఉంటుంది. అదే జరిగి ఉంటే పారీఖత్తులో మోరి భూమి ఎకరం పాతికతో ఆగదు, షెడ్యూళ్ళలో కూడా ఉండాలి. మిగతా షెడ్యూళ్ళలో మోరి పేరు ఎక్కడైనా వస్తోందేమో ఆ కరణంగారి చేతే ఇంకోసారి చదివించండి.